చుక్క పడని రిపోర్టు

పదిహేడేళ్ళు కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకున్నాను. పోయిన ఏడాది, యాభై నాలుగో ఏట, మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు "ఏమైనా చెప్పండి సార్" అని అడిగారు. ఏ కమాండు ఎప్పుడు కొట్టాలో ఇంటర్నెట్టులో దొరుకుతుంది. నేను చెప్పగలిగింది ఒకటే, నా చేతి కింద జరిగిన ఒక తప్పు. అది ఎన్ని చిన్న అడుగులు వేసుకుంటూ వచ్చిందో, ఏ అడుగు దగ్గర ఆపగలిగి ఉండేవాణ్ణో చెప్తాను. ఆ అడుగుల చివర ఒక మనిషి ప్రాణం ఉంది. అందుకే మెల్లగా, లెక్క తప్పకుండా రాస్తున్నాను.

కాటా దగ్గర మొదలు

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాదు. డిగ్రీ రెండో ఏడాదితో ఆగింది. నంద్యాల రోడ్డులో ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర లారీల తూకాలు రాసేవాణ్ణి. మిల్లు కంప్యూటరు వైరసు పట్టి మూలన పడితే, ఎవరో ఇచ్చిన సీడీతో దాని మీద లైనక్స్ ఎక్కించాను. పని చేసింది. ఆ రోజు నుంచి ఒక పక్క నిఘంటువు, ఒక పక్క లైనక్స్ సహాయం పేజీలు పెట్టుకొని ఒక్కో పదం కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. తూకాలు రాసిన అలవాటు మాత్రం పోలేదు. ఏం చేసినా నోటుపుస్తకంలో అంకె వేస్తాను. ఎన్ని ప్యాకేజీలు వచ్చాయి, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని ప్రశ్నలు అడిగింది, అన్నీ రాస్తాను.

ప్యాకేజీ అంటే మూట అనుకోండి. లైనక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ఒక మూటగా వస్తుంది. ఆ మూటల్ని తెచ్చి, విప్పి, సర్దే పనికి ఇంకో ప్రోగ్రాము ఉంటుంది. ఒక మూటకు తోడు ఇంకో నాలుగు కావాలంటే అవి కూడా అదే తెస్తుంది. మంచి ఏర్పాటు. దానితో నాకున్న పేచీ ఒక్కటే. అది మనతో మాట్లాడేది ఇంగ్లీషులో, అదీ మనకు అంతా ముందే తెలుసన్నట్టు.

మా ఆసుపత్రికి కోయిలకుంట్లలో ఒకటి, వేంపల్లెలో ఒకటి చిన్న ల్యాబులుండేవి. అక్కడే రక్తం తీసి మిషన్లో పెట్టేవాళ్ళు. అంకెలు తీగ గుండా కంప్యూటర్లోకి వచ్చేవి. ల్యాబు ప్రోగ్రాము రిపోర్టు అచ్చు వేసేది. మూడు ఊర్లలోనూ లైనక్సే. మూడింటికీ నేనొక్కణ్ణే.

చుక్క

రిపోర్టులో ఏదైనా అంకె ప్రమాదపు హద్దు దాటితే దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు పడేది. మావాళ్ళు దాన్ని చుక్క అనేవాళ్ళు. కొంచెం ఎక్కువకీ కొంచెం తక్కువకీ పడదు. ఆ హద్దులు పెట్టింది మా పెద్ద డాక్టరు. "అందరికీ చుక్కలు పడితే ఎవరూ చూడరు" అన్నాడాయన. నిజమే. చుక్క పడితే టెక్నీషియను వెంటనే కర్నూలుకు ఫోను చేయాలి, రోగిని ఉన్నఫళంగా బస్సెక్కించాలి. అదీ పద్ధతి.

"అంకెలన్నీ చదువుతూ కూర్చోవద్దు, చుక్క చూడండి చాలు" అని మూడు ఊర్లలో చెప్పింది నేను. రోజుకు ఇరవై ముప్పై రిపోర్టులు తీసే ఒంటరి మనిషికి అది సాయం అనుకున్నాను. అప్పట్లో గర్వంగా కూడా ఉండేది.

కోయిలకుంట్ల ల్యాబులో టెక్నీషియను లక్ష్మీదేవి. నలభై దాకా ఉంటాయి. పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉంది. ఒకసారి నేను అక్కడ ప్రింటరు బాగు చేస్తుండగా ఒకాయన వచ్చాడు. దూది ఏకి పరుపులు కుట్టే దస్తగిరి. మూత్రపిండాలు సగం పని మానేసిన మనిషి. అలాంటివాళ్ళకు ఒంట్లో పొటాషియం పేరుకుంటుంది. అది హద్దు దాటితే గుండె ఆగిపోతుంది. అందుకని పదిహేను రోజులకొకసారి రక్తం ఇచ్చిపోయేవాడు.

"ఏమ్మా లచ్చిమక్కా, ఈ పొద్దు చుక్క లేచిందా నాకు?" అన్నాడు తలుపు దగ్గర నుంచే.

"ల్యా పోన్నా. ఇంటికి పోయి బువ్వ తిను. అరటిపండు ముట్టినావని తెలిస్తే నేనే వచ్చి కొడతా."

"ముట్టల్యాక్కా. కండ్లతో సూసినా అంతే. సూసినందుకు గూడా చుక్క పడ్తాదా?"

"నువ్వు సూసే సూపుకు పడ్తాది."

ఆయన నవ్వి, భుజాన వేలాడే రెండు గుడ్డ సంచుల్లో ఒకదాంట్లో రిపోర్టు పెట్టుకున్నాడు. పరుపులకు వాడే చారల గుడ్డతో కుట్టిన సంచులు. రెండెందుకని అడిగాను.

"నాకు సదువు రాదు సార్. ఇది చుక్క పడిన కాగితాల సంచి, ఇది పడని కాగితాల సంచి. పెద్ద డాక్టరు అడిగితే తీసిచ్చేకి లెక్క తప్పదు." చుక్కల సంచి దాదాపు ఖాళీ. అందులో మూడే కాగితాలు. ఆ మూడు సార్లూ బస్సెక్కి కర్నూలుకు వచ్చి, నాలుగు రోజులు పడకలో ఉండి, తిరిగి పోయి దూది ఏకుకున్నాడు.

ఆ మనిషిని గుర్తు పెట్టుకోండి. ఇక్కడి నుంచి నేను రాసే ప్రతి మూటా, ప్రతి వాయిదా ఆయన దగ్గరికే పోతుంది.

నడుస్తాండే ఎద్దు

మొదట్లో నేను నెల నెలా అప్‌డేట్ చేసేవాణ్ణి. పది పదిహేను మూటలు వచ్చేవి. అడిగితే ఒక ప్రశ్న అడిగేది. చదివి, అర్థం చేసుకొని, జవాబిచ్చేవాణ్ణి. ఇరవై నిమిషాల పని.

ఒక సోమవారం పొద్దున అప్‌డేట్ తర్వాత కర్నూలు ల్యాబులో లేబుళ్ళ ప్రింటరు ఆగింది. రక్తపు గొట్టాల మీద అంటించే పేర్ల చీటీలు రాలేదు. రెండు గంటల పాటు నూట నలభై గొట్టాల మీద చేత్తో పేర్లు రాశారు. హాలు నిండా ఉపవాసంతో వచ్చిన మనుషులు. మేనేజరు శివారెడ్డి వాళ్ళందరి ముందర నన్ను నిలబెట్టాడు.

"ఏమప్పా, నడుస్తాండే ఎద్దును ముల్లుకర్రతో ఎందుకు పొడుస్తాండావు? అది నిన్నేమన్నా అడిగిందా?"

"భద్రత సవరణలుంటాయి సార్, చేయకపోతే..."

"చెయ్యకపోతే ఏమయింది ఇంతవరకు? చేస్తే ఏమయిందో సూడు ఈ హాలు. ఇంక నా మాట లేకుండా ఒక్కటి గూడా ముట్టద్దు."

శివారెడ్డి చెడ్డవాడు కాదు. తొమ్మిది గంటల ఉద్యోగంలో పదకొండు గంటలు పనిచేసేవాడు. కానీ ఆయన కళ్ళకు కనిపించేదే ఆయనకు తప్పు. అప్‌డేట్ చేస్తే విరిగింది కనిపిస్తుంది, చేయకపోతే పేరుకునేది కనిపించదు. ఈ పనిలో మీకు దొరికే పైవాళ్ళలో ఎక్కువమంది ఇలాగే ఉంటారు. వాళ్ళను తిట్టుకొని లాభం లేదు. పేరుకునేదాన్ని వాళ్ళ కళ్ళకు కనిపించేట్టు చేయడం మన పని. నేను చేయలేదు. అవమానం మనసులో పెట్టుకొని, "సరే, ముట్టమంటే ముట్టను" అనుకున్నాను. మూటలన్నిటినీ కదలకుండా పట్టి ఉంచే ఆదేశం ఒకటుంటుంది. మూడు ఊర్లలోనూ అది కొట్టి కూర్చున్నాను.

నోటుపుస్తకంలో మాత్రం రాస్తూ పోయాను. ఎదురుచూస్తున్న మూటలు మొదటి నెల పదకొండు, మూడో నెల నలభై ఆరు, ఏడో నెలకు నూట ఎనభై, పద్నాలుగో నెలకు నాలుగు వందల పన్నెండు. అంకె వేసి పుస్తకం మూసేవాణ్ణి. రాయడమే పని చేయడం అనుకునే రోగం నాలాంటి లెక్కల మనుషులకుంటుంది.

వేంపల్లె బస్సు

నేను మూటల్ని అలా కట్టేయకముందు జరిగిన ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

వేంపల్లె ల్యాబు చూసే ఓబులేసు ఒకసారి అప్‌డేట్ మధ్యలో ఏదో ప్రశ్న వస్తే వై నొక్కాడు. ఆ ప్రశ్న ఏమిటంటే, "ఈ సెట్టింగుల ఫైలును మీరు ఇంతకుముందు మార్చుకున్నారు. ఇప్పుడు కొత్తది వచ్చింది. కొత్తది పెట్టమంటారా, మీదే ఉంచమంటారా?" వై అంటే కొత్తది, ఎన్ అంటే పాతది. కొత్తది పెట్టేసరికి నేను చేత్తో సరిచేసిన లేబుల్ కొలతలు పోయి, చీటీలన్నీ వంకరగా వచ్చాయి.

కర్నూలు నుంచి కడప, కడప నుంచి వేంపల్లె. బస్సులో పోయేసరికి పొద్దు సగం గడిచింది. అక్కడ చేసిన పని ఆరు నిమిషాలు.

"ఎందుకు నొక్కినావు ఓబులేసూ?" అన్నాను.

"అడిగింది కద సార్. అడిగితే సరే అనాల గదా, మర్యాద."

"ఏం అడిగిందో అర్థమయిందా?"

"అర్థమయితే నీకు ఫోను చేసేటోణ్ణి సార్. కాలేదు కాబట్టే నొక్కినా."

అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పింది సూటి మాట. అర్థం కాని ప్రశ్న అడిగితే మనిషి ప్రశ్నకు జవాబు చెప్పడు, దాన్ని ముందు నుంచి తప్పించేది ఏదో అది నొక్కుతాడు. తిరుగు బస్సులో నేను నేర్చుకోవలసింది ఇది. నేర్చుకున్నది వేరే. ఇంటికి రాగానే మూడు తెల్లకాగితాల మీద మార్కరుతో పెద్దక్షరాలతో రాశాను. "అప్‌డేట్‌లో ఏమడిగినా N నొక్కండి." ప్రతి ల్యాబులో స్క్రీను అంచుకు ఒకటి అంటించాను. అంతటితో ఆ బస్సు ప్రయాణాలు తప్పాయి.

పందొమ్మిది ప్రశ్నలు

పద్నాలుగు నెలలయ్యాక మేం వాడుతున్న పాత లైనక్స్ విడుదలకు ఇక సవరణలు ఆగిపోతాయని నోటీసు వచ్చింది. పెద్ద డాక్టరే చెప్పాడు, మార్చక తప్పదని. శివారెడ్డి ఒప్పుకున్నాడు, రెండు గంటల్లో అయిపోవాలన్నాడు.

కర్నూలుది నేనే ఒక ఆదివారం కూర్చొని చేశాను. నాలుగు వందల పై చిలుకు మూటలు. నెలనెలా ఒకటీ అరా వచ్చే ప్రశ్నలు అన్నీ కలిసి ఒక్కసారి వచ్చాయి. పందొమ్మిది. ప్రతిదీ చదివాను. పద్నాలుగో ప్రశ్న ల్యాబు ప్రోగ్రాము సెట్టింగుల ఫైలు గురించి. పాతదానికీ కొత్తదానికీ తేడా చూపించమని అడిగాను. కొత్త ప్రోగ్రాము ప్రమాదపు హద్దుల్ని వేరే పేరుతో వెతుకుతోంది. పాత ఫైలు ఉంచితే ఆ పేరు దొరకదు, చుక్క పడదు. దోషం ఉందని చెప్పదు కూడా. మిగతాదంతా సక్రమంగా అచ్చవుతుంది. కొత్త ఫైలే పెట్టి, డాక్టరు హద్దులు, లేబుల్ కొలతలు చేత్తో మళ్ళీ ఎక్కించాను. నోటుపుస్తకంలో "14వది జాగ్రత్త" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

మూడు రోజులకు కోయిలకుంట్ల వంతు. అక్కడి ఇంటర్నెట్టు లైను బలహీనంగా ఉండి కర్నూలు నుంచి చేయడానికి కుదరలేదు. నేను పోవాలి. రెండున్నర గంటల పైనే ప్రయాణం. ఆ రోజే కర్నూలులో వేలిముద్రతో హాజరు వేసుకునే మిషను చెడి, శివారెడ్డి నన్ను కదలనివ్వలేదు. మధ్యాహ్నం రోగులు లేని వేళ చూసి, లక్ష్మీదేవితో ఫోనులో చేయించాను.

"సార్, ఏందో అడుగుతాంది."

"చదువమ్మా."

"సి... ఓ... ఎన్... ఎఫ్... కాన్ఫిగ... సార్, తెలుగు మీడియమోళ్ళను ఏడిపిస్తాండావు."

"సరే, ఎన్ కొట్టు."

రెండోదీ అలాగే. మూడోది చదవమన్నాను. ఆమె చదువుతుంటే శివారెడ్డి నా భుజం మీద చెయ్యేసి, "ఎంతసేపప్పా, యాభై మంది వేలు పెట్టుకొని నిలబడినారు ఆడ" అన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకొని హాజరు మిషను విప్పుతూ అన్నాను.

"లక్ష్మీదేవమ్మా, ఏమడిగినా ఎన్ కొట్టుకుంటా పో. కాగితం అంటించినా కదా."

"అన్నిటికీనా సార్?"

"అన్నిటికీ."

నోటుపుస్తకం ఆ పొద్దు నా సంచిలోనే ఉంది. తెరవలేదు.

గంటా నలభై నిమిషాలకు ఆమె మళ్ళీ ఫోను చేసింది. "అయిపాయె సార్. లేబుళ్ళు చక్కగా వస్తాండాయి. రిపోర్టు గూడా వచ్చింది." ఆమె గొంతులో సంతోషం. నేను కూడా సంతోషపడ్డాను. అప్పుడు పుస్తకం తీసి, కొత్త పేజీలో "కోయిలకుంట్ల, 412, అయింది" అని రాశాను.

ఓబులేసు వై నొక్కినప్పుడు లేబుళ్ళు వంకరపోయాయి, అది గుడ్డివాడికైనా తెలుస్తుంది. లక్ష్మీదేవి చేత నేను ఎన్ నొక్కించినప్పుడు చుక్క పోయింది, అది ఎవరికీ కనిపించలేదు.

సున్నా

తొమ్మిదో రోజు దస్తగిరి రక్తం ఇచ్చాడు. మధ్యాహ్నం రిపోర్టు తీసుకున్నాడు. ఎప్పట్లాగే అడిగాడట, చుక్క లేచిందా అని. లక్ష్మీదేవి కాగితం పైనుంచి కిందికి చూసి, "ల్యా, పో అన్నా" అంది. పడని కాగితాల సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు పొద్దున పది గంటలప్పుడు దూది మిషను దగ్గర కూలబడ్డాడు. నంద్యాలకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

నాకు ఫోను చేసింది లక్ష్మీదేవే. సంగతి తెలిసి, ల్యాబు కాపీ తీసి చూసింది.

"సార్, దస్తగిరన్న పోయినాడు." "పొటాషియం ఆరు పాయింటు తొమ్మిది ఉండాది సార్. అంకె ఉండాది. చుక్క ల్యా. ఎందుకు ల్యా సార్?"

నాకు ఆ క్షణంలోనే తెలిసింది. పద్నాలుగోది.

వేంపల్లె వంతు ఇంకా రాలేదు, అంతవరకు నయం. రెండు గంటల్లో కోయిలకుంట్ల రిపోర్టులన్నీ నా దగ్గరికి తెప్పించుకున్నాను. పది రోజుల్లో రెండు వందల పన్నెండు. చుక్కలు సున్నా. మామూలుగా అక్కడ వందకు రెండో మూడో పడతాయి. నా లెక్క ప్రకారం ఐదు పడాలి. అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివితే సరిగ్గా ఐదే దొరికాయి. దస్తగిరిని తీసేస్తే నలుగురు. లక్ష్మీదేవి, నేను చెరి ఇద్దరికి ఫోన్లు చేశాం. ముగ్గురు వెంటనే ఎత్తారు. నాలుగో ఆమె చేనుకు పోయి ఉంది. పక్కింటివాళ్ళను పంపించి పిలిపించే వరకు గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాల్లో నేను కుర్చీ దిగలేదు. నలుగురూ దక్కారు.

పదిహేనేళ్ళు వచ్చినవాటిని లెక్కబెట్టాను. వచ్చిన మూటలు, వచ్చిన దోషాలు, వచ్చిన ఫోన్లు. రావలసింది రాకపోతే దాన్ని లెక్కబెట్టాలని తోచలేదు. పది రోజులు ఒక్క చుక్కా లేదంటే ఊరంతా ఆరోగ్యంగా ఉందని కాదు. రెండో రోజే ఆ సున్నాను చూసి ఉంటే దస్తగిరి రక్తం ఇంకా తీయనే లేదు.

కాగితం

మూడో రోజు శివారెడ్డి నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నొక్కింది ఆ యమ్మ కదప్పా. చదివింది, నొక్కింది. అంకె ముందరుండి గూడా చూడల్యా. ఆమెను నిలిపేస్తాం. నీ పేరెందుకు ఈ దాంట్లో?"

నేను సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు. ఇది దాచకుండా రాస్తున్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు ఊపిరి కొంచెం తేలికగా ఆడింది. ఆలోచించుకొని చెప్తానని, కోయిలకుంట్ల బస్సెక్కాను.

లక్ష్మీదేవి ల్యాబు తెరిచే ఉంది. స్క్రీను అంచున నా కాగితం లేదు. జిగురు మరక మాత్రం ఉంది. ఆమె సొరుగు తీసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటికి తీసింది.

"మీ చేతిరాత సార్. వాళ్ళెవురన్నా వచ్చి చించేస్తారని తీసి పెట్టినా. మీరు గూడా చించేస్తారేమోనని అనుకున్నా, అబద్ధమెందుకు." కాగితం నా ముందర పెట్టింది. "ఇంగ మీ ఇష్టం. నేను పన్నెండేండ్లు ఆయనకు సూది ఏసినా. నరం దొరకని చెయ్యి. నాకు ఉద్యోగం పోతే పోనీ. నేను ఊరికెనే నొక్కినానని మాత్రం అనద్దు సార్ ఎవురూ."

కర్నూలుకు తిరిగి వచ్చి ఆ కాగితం, దాని పక్కన నోటుపుస్తకంలో "14వది జాగ్రత్త" అని గీత గీసిన పేజీ, రెండూ పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ చదివాడు. "నీకు ముందే తెలుసు" అన్నాడు. తెలుసన్నాను. "ఇంకెంతమంది?" అన్నాడు. నలుగురు, దక్కారు అన్నాను. లక్ష్మీదేవిని కదిలించవద్దని శివారెడ్డికి చెప్పాడు. దస్తగిరి ఇంటివాళ్ళకు మనం చెప్పాలి కదా సార్ అని అడిగితే మాత్రం కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు చెప్తే నేను వద్దనను" అన్నాడు. ఆయన మంచి వైద్యుడు. అంతకు మించి ఏమీ అనను.

పొద్దున తొలి రిపోర్టు

ఆ తర్వాత ఏడాదిన్నర ఉన్నాను. అందులో చేసినవి మూడే పనులు, మీకు పనికొచ్చేవి.

నెలలో మొదటి మంగళవారం, ఏం జరిగినా, అప్‌డేట్. పది మూటలుంటే పది. పేరుకోనిస్తే ప్రశ్నలు కూడా పేరుకుంటాయి, పందొమ్మిది ప్రశ్నల్ని ఎవరూ పందొమ్మిది సార్లు చదవరు. ఒక్క మూట ఆగినా ఆ నెల జాబితా శివారెడ్డి బల్ల మీద పెట్టి, "ఆపమన్నవాళ్ళు" అనే చోట ఆయన సంతకం అడిగేవాణ్ణి. మూడో నెల నుంచి ఆపమనలేదు.

ప్రశ్నలు ల్యాబు మనిషి దగ్గరికి పోకుండా చేశాను. వాడటానికి సులువుగా ఉండాలంటే బొమ్మలు, రంగులు పెట్టడం అనుకుంటారు చాలామంది. మా ల్యాబు ప్రోగ్రాముకు రంగులు బాగానే ఉండేవి. తెలిసినవాణ్ణి, తీరిక ఉన్నప్పుడు, తెలిసే మాటల్లో అడగడమే సులువు. రక్తం తీసే మనిషిని ఫైలు ఉంచమంటావా మార్చమంటావా అని అడగడం, ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు తమ బరువు ఆమె నెత్తిన దించడమే. ఆ బరువు కిందికి దిగే దారిలో నేనున్నాను. పట్టుకోలేదు.

మూడోది, ప్రతి పొద్దునా ల్యాబు తెరవగానే ఎవరి రక్తమూ కాని ఒక ఉత్తుత్తి రిపోర్టు తీయాలి. పొటాషియం 6.9 అని ఇస్తాం. దానికి చుక్క పడాలి. పడితేనే తొలి రోగిని పిలవాలి. పడకపోతే ల్యాబు మూత. నేను దానికి "పరీక్ష" అని పేరు పెట్టాను. కోయిలకుంట్లలో మాత్రం లక్ష్మీదేవి దాన్ని దస్తగిరన్న కాగితం అంటుంది.

రెండు సంచులు

ఇంతవరకు దాటేస్తూ వచ్చింది ఒకటుంది. డాక్టరు బల్ల మీద ఆ కాగితం పెట్టిన వారానికి నేను మళ్ళీ కోయిలకుంట్లకు పోయాను.

దస్తగిరి ఇల్లు, దుకాణం ఒకటే. ముందు గదిలో సగం ఏకిన దూది అలాగే ఉంది. భార్య హుసేన్‌బీ. నన్ను ఆసుపత్రి మనిషిగా గుర్తుపట్టి చాప వేసింది. నేను చాప మీద కూర్చొని అంతా చెప్పాను. మూటలు, ప్రశ్నలు అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి అది మానేసి, "చుక్క పడాలమ్మా. నా తప్పు వల్ల పడలేదు" అన్నాను. లక్ష్మీదేవికి ఏ సంబంధమూ లేదని కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మేకుకు తగిలించిన రెండు సంచులూ తెచ్చి నా ముందర పెట్టింది.

"మూడు సార్లు చుక్క పడింది సార్. మూడు సార్లూ పడిన గడియలోనే బస్సెక్కినాడు. బువ్వ గూడా తినకుండా పోయినాడు. మూడు సార్లూ తిరిగొచ్చినాడు." నా వైపు చూసింది. "నాలుగోసారి పడుంటే?"

"తెలీదమ్మా" అంటే అబద్ధం. "వచ్చేవాడు" అనే హక్కు లేదు.

ఆమె నిండుగా ఉన్న సంచిలో, చుక్క పడని కాగితాల దాంట్లో, చెయ్యి పెట్టి, అన్నిటికంటే పైనున్న కాగితం తీసి, నా మోకాలి ముందర చదరంగా పరిచింది.

"నాకు గూడా సదువు రాదు సార్. యాడ పడాల్సిండె?"

వేలు పెట్టి చూపించాను. ఆమె చూపుడు వేలు నా వేలి పక్కన పెట్టి ఆ అంకెను కాసేపు చూసింది.

"ఆడ పెట్టు."

జేబులో పెన్ను తీశాను. 6.9 పక్కన చుక్క పెట్టాను. హుసేన్‌బీ కాగితం తీసుకొని, సిరా ఆరేదాకా పట్టుకొని, నాలుగుగా మడిచి, చుక్కల సంచిలో ఆ మూడింటితో పాటు పెట్టింది.